కెమేరా ధర తగ్గింది సరే, కార్డు మాటేమిటి?

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్లు అని మనలో ఒక సామెత ఉంది. ఈ రోజుల్లో కెమేరాలు కొనేవారిని చూస్తే ఆ సామెతే గుర్తుకు వస్తుంది. లక్ష రూపాయల కెమేరా కొని, మూడు వందలు మిగులుతాయని ఊరూ పేరూ లేని మెమరీ కార్డు వేసుకునేవారు ఒక రకం. పండుగ తగ్గింపులో కెమేరా చవకగా వచ్చిందని సంబరపడి, ఇంటికి తెచ్చుకున్నాక అందులో పట్టే కార్డు ఖరీదు విని నోరు వెళ్ళబెట్టేవారు మరో రకం. ఈ ఇద్దరికీ, ఇంకా కొనకుండా ఆలోచిస్తున్న మూడో రకంవారికీ ఉపయోగపడగలదన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను వృత్తిరీత్యా బ్యాంకు అధికారిని, చదివింది బి.కాం. ఫొటోలు తీయడం నాకు జీవనోపాధి కాదు, ముప్ఫై ఏళ్ళ అలవాటు. బదిలీల మీద హోసూరు, షోలాపూరు, బరంపురం తిరిగి ఇప్పుడు బెంగుళూరులో ఉన్నాను. ఎక్కడున్నా అక్కడి మనవాళ్ళ ఇళ్ళలో ఉగాదికీ, సంక్రాంతికీ, పెళ్ళిళ్ళకూ నాతోపాటు నా కెమేరా కూడా హాజరయ్యేది. ఆ కారణంగా మన సభ్యులు తరచు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏమండీ, ఫలానా కెమేరా ధర బాగా తగ్గిందట, కొనవచ్చా?" దానికి నేను చెప్పే జవాబు ఎప్పుడూ ఒక్కటే. ధర చీటీ చూడబోయే ముందు ఆ కెమేరా పక్కనున్న చిన్న తలుపు తెరిచి, లోపల ఏ కార్డు పడుతుందో, ఎన్ని పడతాయో చూడండి. మిగతా లెక్క అంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

అద్దం లేని కెమేరా

ముందుగా మిర్రర్‌లెస్ అంటే ఏమిటో క్లుప్తంగా చెబుతాను. పాత ఎస్.ఎల్.ఆర్. కెమేరాలో లెన్స్ వెనుక ఒక అద్దం ఏటవాలుగా ఉండేది. లెన్స్ గుండా వచ్చిన దృశ్యాన్ని అది పైకి మళ్ళించి మన కంటికి చూపేది. మీట నొక్కగానే అద్దం పైకి లేచి, వెలుతురు ఫిల్ము మీద పడేది. ఫిల్ము పోయి సెన్సర్ వచ్చాక కూడా చాలాకాలం ఇదే పద్ధతి నడిచింది. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం లేదు. వెలుతురు నేరుగా సెన్సర్ మీద పడుతుంది, సెన్సర్ చూసినదాన్నే మనం చిన్న తెర మీద చూస్తాం. లెన్సు మార్చుకోగల ఇటువంటి కెమేరాలకు 2008లో పానసోనిక్ జి1 శ్రీకారం చుట్టింది. 2013లో సోనీ ఏ7 పెద్ద సెన్సరుతో వచ్చింది. 2018లో నికాన్, కేనన్ కంపెనీలు కూడా పెద్ద సెన్సరు మిర్రర్‌లెస్‌లతో రంగంలోకి దిగాయి. 2020 నాటికి అమ్మకానికి వెళ్ళే సంఖ్యలో ఇవి అద్దం కెమేరాలను దాటిపోయాయి.

ధర ఎందుకు తగ్గుతుంది?

కామర్సు చదివినవారికి తరుగుదల లెక్క తెలిసినదే. ఏటా ఇంత శాతం చొప్పున ఆస్తి విలువ తగ్గిస్తూ పోతాం. కెమేరా ధర మాత్రం అలా వాలు మీద జారినట్లు తగ్గదు, మెట్లు దిగినట్లు తగ్గుతుంది. కొత్త మోడల్ ప్రకటించిన రోజున పాతది ఒక మెట్టు దిగుతుంది. దసరా, దీపావళి రోజుల్లో ఇంకో మెట్టు. కొత్త మోడల్ అంగళ్ళలో నిండుగా దొరికేసరికి మరో మెట్టు. అందుచేత పాత మోడల్ కొనదలచినవారికి ఓపికే మంచి బేరగాడు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. జపాను కెమేరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో ప్రపంచమంతటా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమేరాలు అమ్మకానికి వెళ్ళాయి. 2024లో ఆ సంఖ్య 85 లక్షల దగ్గరకు వచ్చింది. సెల్‌ఫోను మిగతాదంతా మింగేసింది. తక్కువ కెమేరాలు అమ్మి నిలదొక్కుకోవాలంటే ఒక్కొక్కటి ఎక్కువ ధరకు అమ్మాలి కదా! అందుకే కొత్త మోడళ్ళ ధరలు పైకి పోతున్నాయి. నికాన్ జెడ్6 అనే కెమేరా 2018లో అమెరికాలో సుమారు 2,000 డాలర్లకు వచ్చింది. అదే వరుసలో 2024లో వచ్చిన మూడో తరం కెమేరాకు సుమారు 2,500 డాలర్లు పెట్టారు. కనుక "ధరలు తగ్గాయి" అనే మాట పాత మోడళ్ళకే వర్తిస్తుంది. కొత్తవాటికి కాదు.

మన దేశంలో పన్ను వల్ల కూడా ఒకసారి ధర తగ్గింది. 2017 జూలైలో జి.ఎస్.టి. మొదలైనప్పుడు డిజిటల్ కెమేరాల మీద 28 శాతం ఉండేది. 2019 జనవరి 1 నుంచి దాన్ని 18 శాతం చేశారు. పన్ను కలపక ముందు 50,000 రూపాయలు ఉన్న కెమేరాకు అంతకు ముందు 64,000 కట్టవలసి వస్తే, తరువాత 59,000 సరిపోయింది.

తగ్గింపు ప్రకటనల్లో చూడవలసినవి

బ్యాంకు మనిషిని కనుక రెండు మాటలు చెప్పక తప్పదు. "నో కాస్ట్ ఇ.ఎం.ఐ." అని పెద్ద అక్షరాలతో ప్రకటనలు వస్తాయి. సున్నా శాతం వడ్డీ అనే భావనే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టంగా తెలియజేసింది. ఈ పథకాల్లో జరిగేదేమిటంటే, వడ్డీకి సమానమైన మొత్తాన్ని అమ్మేవారు ముందుగా ధరలో తగ్గిస్తారు, బ్యాంకు యథాప్రకారం వడ్డీ వేసుకుంటుంది. క్రెడిట్ కార్డు వాయిదాల్లో ఆ వడ్డీ మీద 18 శాతం జి.ఎస్.టి., చాలాచోట్ల ప్రాసెసింగు రుసుము కూడా ఉంటాయి. అందువల్ల దుకాణదారుని ఒక్కమాట అడగండి: "మొత్తం డబ్బు ఇప్పుడే ఇచ్చేస్తే ఎంతకిస్తారు?" ఆ రెండు అంకెల మధ్య తేడాయే మీ అసలు వడ్డీ.

రెండవది, బిల్లు. బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోనైనా, చెన్నై రిచీ స్ట్రీటులోనైనా, ముంబయి బోరా బజారులోనైనా మంచి దుకాణాలు ఎన్నో ఉన్నాయి. కాని "బిల్లు లేకుండా అయితే ఇంకో ఆరు వేలు తగ్గిస్తాం" అన్న మాట వినబడితే జాగ్రత్తపడాలి. విదేశం నుంచి దొడ్డిదారిన వచ్చిన కెమేరాకు మన దేశంలో కంపెనీ వారంటీ దొరకదు. రేపు షట్టరు చెడితే ఆ ఆరు వేలూ, పైన మరికొంతా రిపేరుకే చెల్లించుకోవాలి. క్రమసంఖ్య వేసిన బిల్లు, భారతదేశపు వారంటీ కార్డు లేనిదే కెమేరా తీసుకోవద్దని నా మనవి.

కార్డుల కుటుంబం

ఇక అసలు విషయానికి వద్దాం. ఫిల్ము రోజుల్లో ఏ కంపెనీ కెమేరా అయినా రీలు ఒకటే. 36 ఫొటోల రీలు కొంటే యాషికాలోనూ పట్టేది, నికాన్‌లోనూ పట్టేది. డిజిటల్ కాలం వచ్చాక ఆ ఐకమత్యం పోయింది. 1994లో కాంపాక్ట్ ఫ్లాష్, 1995లో స్మార్ట్ మీడియా, 1998లో సోనీ వారి మెమరీ స్టిక్, 2002లో ఒలింపస్, ఫ్యూజీ కంపెనీల ఎక్స్.డి. కార్డు, ఇలా ఎవరి దారి వారిదయింది. వీటిలో కొన్ని ఇప్పుడు పాత ఇళ్ళ అలమరల్లో తప్ప కనబడవు. 1999లో శాండిస్క్, పానసోనిక్, తోషిబా కంపెనీలు కలిసి ప్రకటించిన ఎస్.డి. కార్డు మాత్రం తపాలా బిళ్ళంత ఆకారంతో నిలిచి గెలిచింది. ఈనాటి మిర్రర్‌లెస్‌లలో ప్రధానంగా కనబడేవి నాలుగు:

ఒకటి, ఎస్.డి. కార్డు. ఇందులో మళ్ళీ రెండు తరగతులు. యు.హెచ్.ఎస్.-1 రకానికి వెనుక ఒకే వరుస రాగి రేకులుంటాయి, దాని దారి వెడల్పు సెకనుకు 104 మెగాబైట్లు. యు.హెచ్.ఎస్.-2 రకానికి రెండు వరుసల రేకులుంటాయి, దాని దారి 312 మెగాబైట్లు. కార్డు ముఖం మీద నిలువు గీత ఒకటి ఉంటే మొదటి రకం, రెండు ఉంటే రెండో రకం.

రెండు, ఎక్స్.క్యూ.డి. కార్డు. 2012లో నికాన్ డి4 కెమేరాతో వాడుకలోకి వచ్చింది. వేగమూ ఉంది, గట్టిదనమూ ఉంది. కాని తయారుచేసే కంపెనీలు మొదటి నుంచీ వేళ్ళ మీద లెక్కించదగినన్నే.

మూడు, సి.ఎఫ్. ఎక్స్‌ప్రెస్ 'బి' రకం. ఆకారంలో ఎక్స్.క్యూ.డి. కార్డుకు కవల. 2019లో వచ్చిన ప్రమాణం ప్రకారం దీని దారి సెకనుకు సుమారు 2,000 మెగాబైట్లు. నికాన్, కేనన్ కంపెనీల పై తరగతి కెమేరాల్లో కనబడుతుంది.

నాలుగు, సి.ఎఫ్. ఎక్స్‌ప్రెస్ 'ఎ' రకం. ఇది ఎస్.డి. కార్డు కంటే కూడా చిన్నది, దారి సుమారు 1,000 మెగాబైట్లు. ప్రధానంగా సోనీ కెమేరాలకు సంబంధించినది. 'ఎ' రకం 'బి' గదిలో పట్టదు, 'బి' రకం 'ఎ' గదిలో పట్టదు.

ఈ చివరి మూడింటి ఖరీదు మామూలు ఎస్.డి. కార్డుకు ఎన్నో రెట్లు. వాటి రీడరు వేరే కొనాలి. పైగా 2025 చివరి నెలల నుంచి ఫ్లాష్ మెమరీ ధరలు ప్రపంచమంతటా పైకి పోవడంతో, కెమేరా ధర తగ్గినంత సులభంగా కార్డు ధర కూడా తగ్గుతుందని ఆశించకూడదు.

ఒకే ఇంట ఇద్దరు అన్నదమ్ములు

నా మాటలోని సారం తెలియడానికి ఒక నిజమైన ఉదాహరణ చాలు. పైన చెప్పిన నికాన్ జెడ్6 కెమేరాకు 2018లో ఒకే ఒక కార్డు గది ఇచ్చారు, అదీ ఎక్స్.క్యూ.డి. రకం. కెమేరా చాలా మంచిది, సెకనుకు 12 ఫొటోల దాకా తీయగలదు. కాని ఊళ్ళో ఏ దుకాణంలో అడిగినా ఆ కార్డు దొరికేది కాదు. 2019 డిసెంబరులో కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ మార్పు విడుదల చేసి, అదే గదిలో సి.ఎఫ్. ఎక్స్‌ప్రెస్ 'బి' కార్డు కూడా పనిచేసేటట్లు చేసింది. 2020 అక్టోబరులో వచ్చిన రెండో తరంలో ఎస్.డి. గది ఒకటి అదనంగా చేర్చింది. కొనుగోలుదారుల మాట కంపెనీ చెవిన పడిందన్నమాట.

అదే 2020లో నికాన్ జెడ్5 అనే తమ్ముడొకడు వచ్చాడు. సెన్సరు 24 మెగాపిక్సెళ్ళే, కాని వేగం సెకనుకు నాలుగున్నర ఫొటోలు మాత్రమే. 4కె వీడియోలో దృశ్యం అంచులు బాగా కత్తిరించుకుపోతాయి. అయితే దానికి రెండు ఎస్.డి. గదులున్నాయి, రెండూ యు.హెచ్.ఎస్.-2 రకమే. అమెరికాలో సుమారు 1,400 డాలర్లకు వచ్చిన ఆ కెమేరా 2024 నాటికి 1,000 డాలర్ల లోపుకు దిగింది. 2025లో దాని తరువాతి తరం సుమారు 1,700 డాలర్లకు వచ్చింది.

ఇప్పుడు పాత జెడ్6, పాత జెడ్5 రెండూ ఇంచుమించు ఒకే ధరకు మీ ముందుంటే ఏది చవక? కాగితం మీద మొదటిదే మేటిగా కనబడుతుంది. కాని కార్డులు, రీడరు కలిపి లెక్క వేసినప్పుడు, అర్ధరాత్రి పెళ్ళిలో కార్డు నిండిపోతే సందు చివరి దుకాణంలో దొరుకుతుందా అని ఆలోచించినప్పుడు, గృహస్థుకు రెండోదే లాభమని తేలుతుంది. పక్షుల ఫొటోలు తీసేవారికి మొదటిది మేలు కావచ్చు. ఎవరి అవసరం వారిది. కాని ఆ అవసరం ఏమిటో ముందే తెలుసుకోవాలి.

అంకెల మాయ

కార్డు మీద ఉన్న అంకెలు చూసి కంగారు పడవలసిన పనిలేదు. వీడియో తీసేవారు చూడవలసినది ఇంగ్లీషు 'వి' అక్షరం పక్కనున్న అంకె. 'వి30' అంటే ఆ కార్డు ఎట్టి పరిస్థితిలోనూ సెకనుకు 30 మెగాబైట్లకు తగ్గకుండా రాసుకుంటుందని హామీ. 'వి60', 'వి90' కూడా అంతే. పెద్ద అక్షరాలతో "170", "200" అని ఉండేది సాధారణంగా చదివే వేగం, రాసే వేగం కాదు. అంత వేగం కూడా యు.హెచ్.ఎస్.-1 కార్డుకు ఆ కంపెనీ ప్రత్యేక రీడరులోనే వస్తుంది, కెమేరాలో రాదు.

కెమేరాలవారు వీడియో వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, కార్డులవారు మెగాబైట్లలో చెబుతారు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కనుక కెమేరా పుస్తకంలో 100 మెగాబిట్లు అని ఉంటే ఎనిమిదితో భాగించండి, పన్నెండున్నర మెగాబైట్లు వస్తుంది. దీనికి వి30 కార్డు పుష్కలం. 200 మెగాబిట్లకు 25, దానికీ వి30 చాలు. 400 మెగాబిట్లకు 50, అప్పుడు వి60 కావాలి. 600 మెగాబిట్లకు 75, అప్పుడు వి90. మన ఇళ్ళలో జరిగే వేడుకలకు మొదటి రెండు లెక్కలు దాటి పోవలసిన అవసరం చాలా అరుదు.

అదే లెక్కతో కార్డు ఎంతసేపు వస్తుందో కూడా చెప్పవచ్చు. సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లంటే గంటకు 45 గిగాబైట్లు. 64 గిగాబైట్ల కార్డు గంటా పాతిక నిమిషాలు, 128 గిగాబైట్ల కార్డు రెండు గంటల యాభై నిమిషాలు వస్తుంది. అన్నట్లు, 128 అని కొన్న కార్డు కంప్యూటర్‌లో 119 అని చూపిస్తే ఎవరో మోసం చేశారని అనుకోవద్దు. తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కపెడతారు, కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కపెడుతుంది. తేడా అక్కడ వస్తుంది.

ఫొటోలు వరుసగా దడదడా తీసేవారికి మాత్రం వేగం అవసరం. దీన్ని మా బ్యాంకు భాషలో చెబుతాను. కెమేరా లోపల తాత్కాలిక జ్ఞాపకం ఒకటి ఉంటుంది, దాన్ని బఫర్ అంటారు. అది బ్యాంకు హాలు వంటిది. కార్డు క్యాషియరు వంటిది. ఖాతాదారులు ఒక్కసారిగా లోపలికి వచ్చినా హాలు పట్టినంతవరకు ఇబ్బంది లేదు. హాలు నిండాక తలుపు దగ్గర నిలబడాలి. ఒక్కొక్క ముడి ఫైలు 30 మెగాబైట్లు అనుకుంటే, సెకనుకు పది ఫొటోలకు 300 మెగాబైట్లు లోపలికి వస్తాయి. క్యాషియరు సెకనుకు 80 మాత్రమే పంపగలిగితే కొన్ని సెకన్లలో కెమేరా నత్తనడక నడుస్తుంది. ఆటల పోటీలు, పక్షులు తీసేవారు వేగమైన కార్డుకు డబ్బు పెట్టడం ఇందుకే. తలంబ్రాలు పోసేటప్పుడు కూడా ఎవరూ ఒక నిమిషం పాటు ఆగకుండా మీట నొక్కి పట్టుకోరు కదా!

ఇంకొక మాట. కెమేరా గది యు.హెచ్.ఎస్.-1 రకమైతే అందులో యు.హెచ్.ఎస్.-2 కార్డు వేసినా పనిచేస్తుంది, కాని మొదటి తరగతి వేగంతోనే. సోనీ జెడ్‌వి-ఇ10, నికాన్ జెడ్30, కేనన్ ఆర్50 వంటి అందుబాటు కెమేరాలు ఈ కోవకు చెందినవే. వాటికి ఖరీదైన కార్డు కొనడమంటే ఎడ్లబండికి విమానం చక్రం బిగించడమే.

రెండు గదుల విలువ

బ్యాంకు ఖజానా గదికి రెండు తాళం చెవులుంటాయి, ఇద్దరి చేతుల్లో ఉంటాయి. ఒకరి మీద అపనమ్మకంతో కాదు, ఒక మనిషికి ఏమైనా అయితే పని ఆగకూడదని, ఒకరి పొరపాటు మరొకరి కంటబడాలని. రెండు కార్డుల గదులున్న కెమేరాలో కూడా అదే సూత్రం. తీసిన ప్రతి ఫొటో రెండు కార్డుల మీదా ఒకేసారి రాసేటట్లు అమర్చుకోవచ్చు. ఒకటి చెడితే రెండోది ఉంటుంది. గదులు రెండూ ఒకే రకం అయితే మంచిది. ఒకటి వేగం, ఒకటి నెమ్మది అయితే, రెండింటి మీదా రాసేటప్పుడు నెమ్మదిగా ఉన్నదే మొత్తం పనికి పగ్గం వేస్తుంది.

ఇది ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, హోసూరు దగ్గర మా బంధువుల ఇంట కొన్నేళ్ళ క్రితం ఒక షష్టిపూర్తి జరిగింది. ఇంటికి పెద్దదిక్కయిన బామ్మగారు, తొంభైకి దగ్గర పడిన మనిషి, పీట మీద కూర్చుని మంగళహారతి పాట ఒకటి పాడారు. ఆవిడ అత్తగారి నుంచి వచ్చిన పాట. మాటలు తెలుగే, యాసలో కన్నడమూ తమిళమూ కలిసిపోయి, ఆ నాలుగు ఊళ్ళలో తప్ప ఎక్కడా వినబడని తెలుగు. వీడియో తీసిన కుర్రవాడు పనిమంతుడే, శ్రద్ధ కలవాడే. అతని కెమేరాకు ఒకే కార్డు గది. ఆ రాత్రి కంప్యూటర్‌లో పెడితే కార్డు తెరుచుకోలేదు. ఎక్కడెక్కడికో పంపి ప్రయత్నించారు, కొన్ని ఫొటోలు వచ్చాయి గాని పాట రాలేదు. "ఏముంది, సంక్రాంతికి మళ్ళీ పాడిద్దాం" అనుకున్నారు. సంక్రాంతి వచ్చేసరికి బామ్మగారు లేరు. ఇప్పుడు ఆ ఇంట్లో ఆ పాట మొదటి చరణం వరకే వచ్చినవారు ఇద్దరున్నారు, మొత్తం వచ్చినవారు లేరు.

కార్డు ఖరీదు లెక్క వేసేటప్పుడు ఈ పద్దు ఏ కాలమ్‌లో వేయాలో నాకు తెలిసిన ఏ అకౌంటెన్సీలోనూ లేదు.

నకిలీలు, జాగ్రత్తలు

మార్కెట్లో పేరున్న కంపెనీల పేర్లతో నకిలీ కార్డులు విరివిగా ఉన్నాయి. 16 గిగాబైట్ల సరుకు లోపల పెట్టి, 256 అని చెప్పుకునేటట్లు వాటిని తయారుచేస్తారు. కెమేరా కూడా నమ్ముతుంది. నిండాక మాత్రం కొత్త ఫొటో పాతదాన్ని తుడిచేస్తుంది, లేదా అసలు రాయబడదు. కొత్త కార్డు కొన్న రోజునే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కార్డు నిండా రాసి, తిరిగి చదివి పరీక్షించుకోవాలి. నోట్ల కట్ట చేతికి రాగానే లెక్కపెట్టుకోవడం వంటిదే ఇది. కౌంటర్ వదిలి వెళ్ళాక ఫిర్యాదు చెల్లదు.

వాడేటప్పుడు పాటించవలసినవి ఇవి:

కార్డును ఖాళీ చేయడం కంప్యూటర్‌లో కాక, కెమేరాలోనే ఫార్మాట్ చేసి చేయాలి. దీపం వెలుగుతుండగా కార్డు బయటకు లాగకూడదు.

ఒక్క 256 గిగాబైట్ల కార్డు కంటే రెండు 128 కార్డులు మేలు. గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టని పెద్దల తెలివి ఇక్కడా పనికి వస్తుంది.

పొరపాటున ఫొటోలు చెరిగిపోతే ఆ కార్డు మీద మరొక్క ఫొటో కూడా తీయకుండా పక్కన పెట్టాలి. పైన ఏదీ రాయనంతవరకు తిరిగి వచ్చే అవకాశం బాగా ఉంటుంది.

మైక్రో కార్డును తొడుగులో పెట్టి పెద్ద కార్డుగా వాడటం ముఖ్యమైన సందర్భాల్లో వద్దు. అతుకు పెరిగితే చెడే చోటు కూడా ఒకటి పెరుగుతుంది.

కార్డు దాచుకునే పెట్టె కాదు, మోసుకొచ్చే సంచి మాత్రమే. ఇంటికి రాగానే రెండు వేర్వేరు డిస్కుల్లోకి నకలు తీసి, వీలైతే మూడో నకలు వేరే ఊళ్ళోని పిల్లల దగ్గర ఉంచండి. ఆ తరువాతనే కార్డు తుడవండి.

పాత మోడళ్ళలో చాలావాటికి వీడియో 29 నిమిషాల 59 సెకన్లకు దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. తగ్గింపు ధరకు పాతది కొంటున్నప్పుడు ఈ సంగతి అడిగి తెలుసుకోండి. పెద్దవారు మాట్లాడుతుండగా కెమేరా ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించరు.

ఎవరికి ఏది?

ఇంటి వరకు, పిల్లల పుట్టినరోజులు, తీర్థయాత్రలు అనుకునేవారికి ఒక ఎస్.డి. గది ఉన్న చిన్న మిర్రర్‌లెస్, రెండు మంచి వి30 కార్డులు చాలు. ఒకటి నిండకముందే మార్చుకుంటూ ఉంటే సగం భయం తీరుతుంది.

సంఘాలకు, గుడి ఉత్సవాలు, నాటకాలు, సన్మాన సభలు చిత్రించేవారికి రెండు ఎస్.డి. గదులున్న కెమేరా తీసుకోవడం ఉత్తమం. కేనన్ ఆర్6 రెండో తరం, ఫ్యూజీ ఎక్స్-టి5, నికాన్ జెడ్5 వరుస ఈ జాతివే. సోనీ ఏ7 మూడో తరంలోనూ రెండు గదులున్నాయి, అయితే వాటిలో ఒకటి మాత్రమే వేగమైనది. వీటిలో ఏ మోడల్ మెట్టు దిగితే దాన్ని అందుకోవచ్చు.

పెళ్ళిళ్ళు తీయడమే వృత్తిగా పెట్టుకున్న మన యువకులకు సి.ఎఫ్. ఎక్స్‌ప్రెస్ ఖర్చు వ్యాపార పెట్టుబడి. రాబడిలోంచి తిరిగి వస్తుంది. వారు కూడా కెమేరా, కార్డులు, రీడరు, అదనపు బ్యాటరీ అన్నీ కలిపి ఒకే అంచనా వేసుకున్నాకే రుణం కోసం బ్యాంకుకు రావాలని కోరుతున్నాను. కెమేరాకు మాత్రమే అప్పు తీసుకుని, కార్డులకు చేబదులు చేసినవారిని చూశాను.

చివరగా ఒక మనవి. మనం తెలుగు గడ్డకు దూరంగా మూడు నాలుగు తరాలుగా ఉన్నవాళ్ళం. షోలాపూరు పద్మశాలీల మగ్గం మాటలు, బరంపురం ఇళ్ళలోని పిలుపులు, యానాం గోదావరి ఒడ్డు కబుర్లు, బళ్ళారి, కోలారు పల్లెల పాటలు పాఠ్యపుస్తకాల్లో లేవు. అవి మన ఇళ్ళలో డెబ్భై దాటినవారి నాలుక మీద ఉన్నాయి. ప్రతి శాఖా సభ్యుల చందాతో రెండు గదులున్న కెమేరా ఒకటి కొని, రాబోయే ఉగాది నాటికి తమ ఊరి పెద్దలలో పదిమందిని కూర్చోబెట్టి గంట చొప్పున మాట్లాడించి దాచిపెట్టవలసిందిగా కోరుతున్నాను. పది గంటలకు 450 గిగాబైట్లు, రెండు నకళ్ళకు 900. ఈ రోజుల్లో రెండు డిస్కులు. కెమేరా ధరలు ఇంకా తగ్గుతాయని ఎదురుచూడదలచినవారు చూడవచ్చు. పెద్దల విషయంలో మాత్రం అంత వ్యవధి మనకు ఉండదు కనుక, ఉన్న కెమేరాతోనే, మంచి కార్డు ఒకటి వేసి, ఈ ఆదివారమే మొదలుపెట్టండి.